1952 లండన్‌లో హత్య కేసు విచారణ: తెలుగు థ్రిల్లర్‌కి కోర్టు వివరాలు సరిచూడాలి

కావలి కలం

అందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాతి లండన్ నేపథ్యంగా ఒక థ్రిల్లర్ రాస్తున్నా. కథ క్లుప్తంగా ఇది. కృష్ణపట్నం దగ్గరి పల్లె మనిషి ఒకడు సరుకు ఓడలో పనివాడు. తూర్పు లండన్ రేవు పక్కన గదులు అద్దెకిచ్చే ముసలామె 1951 నవంబరు 23 రాత్రి హత్యకు గురవుతుంది. మర్నాడు ఇతన్ని పట్టుకుంటారు. ఇతనికి తెలుగు, ఓడలో పట్టుబడిన కాస్త హిందుస్తానీ తప్ప ఇంకేమీ రావు. బారిస్టరు చదువుకని కావలి నుంచి వెళ్ళిన కుర్రాడు పోలీసు స్టేషన్లో దుబాసీగా కూర్చుంటాడు. తర్వాత ఇతను నిర్దోషి అని నమ్మి కేసు భుజాన వేసుకుంటాడు.

ఇప్పటికి రాసుకున్నది: స్టేషన్లో బలవంతాన ఒప్పించిన వాంగ్మూలం కోర్టులో చెల్లదని మొదట్లోనే తేలిపోతుంది. విచారణ ఆరేడు నెలలు సాగుతుంది. కావలి కుర్రాడు లేచి సాక్షిని నిలదీస్తాడు, జడ్జి సుత్తితో బల్ల మీద కొడతాడు. చివర్లో ఉరికంబం దగ్గర ఫోను మోగి శిక్ష ఆగుతుంది. ఊరంతా కమ్మేసిన ఆ పెద్ద పొగమంచు కూడా కథలో ఉండాలని ఉంది.

వీటిలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు? అరెస్టు నుంచి ఉరి దాకా తేదీలు ఎట్టా వేసుకోవాలి? తెలిసినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

---

మూలాపేట ప్లీడరు

తమ్ముడూ, కథలో పట్టు ఉంది. కాకపోతే నువ్వు మన సెషన్స్ కోర్టుని తీసుకెళ్ళి లండన్లో పెట్టావు. అన్నిటికంటే పెద్ద పొరపాటు వాంగ్మూలం దగ్గర జరిగింది, ముందు అది చెబుతా.

పోలీసుకి ఇచ్చిన నేరాంగీకారం రుజువుగా పనికిరాదన్నది అప్పట్లో అమల్లో ఉన్న మన 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్. ఇంగ్లండులో అట్టాంటి సెక్షన్ లేదు. అక్కడ డిటెక్టివ్ ముందు ఒప్పుకున్నది జూరీ ముందుకి వస్తుంది. స్వచ్ఛందంగా ఇచ్చిందా, లేదా భయపెట్టో ఆశపెట్టో రాబట్టారా అన్నది ఒక్కటే ప్రశ్న. డిఫెన్సు అభ్యంతరం చెబితే జడ్జి జూరీని బయటికి పంపి, డిటెక్టివ్‌నీ ముద్దాయినీ విడిగా విచారించి తేలుస్తాడు. చెల్లుతుందంటే జూరీ తిరిగి వచ్చి మొత్తం వింటుంది. చెల్లదంటే అట్టాంటి కాగితం ఒకటుందని కూడా వాళ్ళకి తెలియదు. నీ నవలకి గుండెకాయ లాంటి సీను ఇదే, దీన్ని మొదట్లోనే తేల్చేసుకోవద్దు.

కాగితం ఎట్టా ఉంటుందో చూపించు. ముందు హెచ్చరిక చదువుతారు: ఇష్టముంటేనే చెప్పు, చెప్పకపోయినా బలవంతం లేదు, చెప్పింది రాసుకుంటాం, దాన్ని సాక్ష్యంగా పెట్టవచ్చు అని. డిటెక్టివ్ తన చేత్తో రాస్తాడు, చదివి వినిపిస్తాడు, చివర ముద్దాయి సంతకమో వేలిముద్రో ఉంటుంది. ఓడ పనివాడు మాట్లాడింది తెలుగు, కాగితం మీదున్నది పోలీసు ఇంగ్లీషు. ఆ రెంటికీ నడుమ ఉన్నది నీ కావలి కుర్రాడు. కాబట్టి ఆ వాంగ్మూలాన్ని రుజువు చేయడానికి దుబాసీని ప్రాసిక్యూషనే సాక్షిగా పిలుస్తుంది. డిటెక్టివ్ విన్నది ముద్దాయి మాట కాదు, దుబాసీ మాట. ఆ దుబాసీ రాకుండా డిటెక్టివ్ ఒక్కడే చెబితే అది పరోక్ష సాక్ష్యమవుతుంది. 1958లో ఒక మాల్టా వాసి కేసులో కోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. అంటే స్నేహితుణ్ణి కాపాడాలని వచ్చినవాడే బోనెక్కి అతని మెడకి తాడు పేనాల్సి వస్తుంది. దీన్ని వాడుకో.

ఇక కుర్రాడు లేచి వాదించడం కుదిరే పని కాదు. బారిస్టరుగా పట్టా పుచ్చుకోనివాడు ఓల్డ్ బెయిలీలో (లండన్ పెద్ద క్రిమినల్ కోర్టు) నోరెత్తలేడు. బారిస్టరు కూడా ముద్దాయి దగ్గరికి నేరుగా రాడు, మధ్యలో సాలిసిటర్ (కక్షిదారుతో మాట్లాడి కాగితాలు తయారుచేసే వకీలు) ఉండాలి. ముద్దాయి బీదవాడైనా హత్య కేసులో వకీలు దొరుకుతాడు. 1930 నాటి చట్టం కింద మేజిస్ట్రేట్ సర్టిఫికెట్ ఇస్తే ఖర్చు ప్రభుత్వానిది. విచారణలో దుబాసీగా నీ కుర్రాణ్ణి కాకుండా వేరే మనిషిని పెట్టాలి, ఎందుకంటే ఇతను సాక్షి. ముద్దాయికి ఇంగ్లీషు రాకపోతే సాక్ష్యాన్ని అతని భాషలోకి మార్చి వినిపించాలన్నది 1915లో లీ కున్ అనే చీనా వాడి హత్య కేసులో స్థిరపడింది. తెలుగు వచ్చిన రెండో మనిషి 1952 లండన్లో ఎక్కడ దొరుకుతాడన్నది పోలీసులకీ తలనొప్పే. ఆల్డ్‌విచ్‌లో ఉన్న ఇండియా హౌస్‌ని అడగడం సహజంగా ఉంటుంది. అప్పుడు హైకమిషనర్ కృష్ణ మీనన్.

సుత్తి తీసెయ్. ఇంగ్లండు జడ్జి దగ్గర సుత్తి ఉండదు, ఎన్నడూ లేదు. ఎర్ర గౌను, విగ్గు ఉంటాయి. వకీళ్ళు తమ వరసలోనే నిలబడి మాట్లాడతారు, సినిమాల్లో లాగా సాక్షి దాకా నడిచి వెళ్ళరు. ఒకటో నంబరు కోర్టులో నడిమి కుర్చీ లండన్ లార్డ్ మేయరుది, దాని పైన గోడకి కత్తి ఉంటుంది. జడ్జి ఆ కుర్చీలో కూర్చోడు, పక్క కుర్చీలో కూర్చుంటాడు. ముద్దాయి బోను జడ్జికి ఎదురుగా, గది నడుమ ఒక చిన్న గదంత ఉంటుంది. దాని లోపలి నుంచే మెట్లు కింది సెల్లులోకి దిగుతాయి. తీర్పు కాగానే మనిషి నేలలోకి దిగిపోయినట్టు కనిపిస్తాడు. ఫొటోలే కాదు, బొమ్మలు గీయడం కూడా 1925 చట్టంతో నిషేధం. పత్రికల వాళ్ళు చూసింది గుర్తుపెట్టుకుని బయటికొచ్చి గీస్తారు.

జూరీ పన్నెండు మంది. ఆస్తి అర్హత ఉన్న ఇంటి యజమానులే జూరర్లు, అందుకే ఆడవాళ్ళు చాలా తక్కువ. పన్నెండు మందిదీ ఒకే మాట కావాలి. పదిమంది చాలన్న నియమం 1967లో వచ్చింది. దోషి అంటే జడ్జికి ఇంకో దారి లేదు, ఉరి ఒక్కటే. మతి తక్కువని శిక్ష తగ్గించే వెసులుబాటు 1957 చట్టం దాకా లేదు. మన దగ్గర సెషన్స్ జడ్జి ఉరి వేస్తే హైకోర్టు ఖాయం చేయాలి. అక్కడ ఖాయపరచడం అన్న మాటే లేదు, ముద్దాయే అప్పీలుకి పోవాలి.

తీర్పు సీను నిదానంగా రాయి. గుమాస్తా జూరీ పెద్దని అడుగుతాడు. దోషి అన్నాక ముద్దాయి వైపు తిరిగి, చట్టప్రకారం మరణశిక్ష ఎందుకు వేయకూడదో చెప్పేదేమైనా ఉందా అని అడుగుతాడు. ఇంతలో జడ్జి విగ్గు మీద చదరపు నల్ల సిల్కు గుడ్డ పరుస్తారు. దాన్ని టోపీ అంటారు గానీ అది వట్టి గుడ్డ. శిక్ష చదవడం అయ్యాక పాదిరి 'ఆమెన్' అంటాడు. తెలుగు దుబాసీ ఆ మాటల్ని ఒక్కొక్కటే బోనులోకి చెబుతూ ఉంటే చాలు, అక్కడ వేరే నాటకం అక్కర్లేదు.

---

కందుకూరు పేజీలు

ప్లీడరు గారు చెప్పిన దాంట్లో మార్చేదేం లేదు. తేదీలు నేను వేసిస్తా. ఆరేడు నెలలు అన్నారే, అక్కడే కథ చప్పబడుతుంది. ఆ రోజుల్లో ఇంగ్లండు హత్య కేసులో భయమంతా వేగంలోనే ఉంది.

నిజం కేసులు చూడండి. టిమోతీ ఎవాన్స్ భార్య, బిడ్డ శవాలు 1949 డిసెంబరు 2న రిల్లింగ్టన్ ప్లేస్‌లో దొరికాయి. విచారణ 1950 జనవరి 11న మొదలై 13కి అయిపోయింది. జూరీ 40 నిమిషాల్లో తేల్చింది. ఫిబ్రవరి 20న అప్పీలు కొట్టేశారు, మార్చి 9న పెంటన్‌విల్ జైల్లో ఉరి. మొదటి రోజు నుంచి చివరి రోజుకి వంద రోజులు కూడా కాలేదు. ఆ ఇంట్లోనే ఉంటూ ఎవాన్స్ మీద సాక్ష్యం చెప్పిన క్రిస్టీ అసలు హంతకుడని 1953లో గోడ వెనక శవాలు దొరికాక బయటపడింది. ఎవాన్స్‌కి 1966లో క్షమాభిక్ష ప్రకటించారు. డెరెక్ బెంట్లీ కేసు ఇంకా వేగం: 1952 నవంబరు 2న ఘటన, డిసెంబరు 9న విచారణ, జనవరి 28న ఉరి.

మీ కథకి ఇట్టా వేసుకోండి. నవంబరు 23 శుక్రవారం హత్య, శనివారం అరెస్టు. రేవు ప్రాంతం కాబట్టి థేమ్స్ మేజిస్ట్రేట్ కోర్టు. హత్య కేసులో బెయిలు మాట మర్చిపోండి, రిమాండు బ్రిక్స్‌టన్ జైల్లో, ఎనిమిది రోజులకొకసారి మళ్ళీ హాజరు. డిసెంబరు మూడో వారంలో మేజిస్ట్రేట్ ముందు ప్రాథమిక విచారణ. మనకి అప్పట్లో పీఆర్సీ (సెషన్స్‌కి పంపే ముందు మేజిస్ట్రేట్ విచారించే) కేసుల్లో జరిగినట్టే ప్రాసిక్యూషన్ సాక్షులు చెప్పింది కాగితం మీద పెట్టి, సంతకాలు తీసుకుని పై కోర్టుకి పంపుతారు. డిఫెన్సు చాలాసార్లు ఇక్కడ నోరు విప్పదు, తన పట్టు దాచుకుంటుంది. జనవరి 14 సోమవారం ఓల్డ్ బెయిలీ, 16 బుధవారం తీర్పు. మూడు రోజులు చాలు, అది ఎక్కువ కూడా. కోర్టు పొద్దున పదిన్నరకి కూర్చుంటుంది. జనవరిలో సాయంత్రం నాలుగున్నర లోపే పొద్దు కుంకుతుంది కాబట్టి తీర్పు దీపాల వెలుగులో వస్తుంది.

శిక్షకీ ఉరికీ మధ్య మూడు ఆదివారాలు పూర్తిగా గడవాలి, ఇది ఆనవాయితీ. రూత్ ఎల్లిస్‌కి 1955 జూన్ 21న శిక్ష పడింది, అప్పీలు చేయలేదు, జులై 13న ఉరి. నడుమ ఆదివారాలు జూన్ 26, జులై 3, జులై 10. మీ లెక్కలో జనవరి 20, 27, ఫిబ్రవరి 3. అప్పీలు లేకపోతే ఉరి ఫిబ్రవరి 6 చుట్టూ పడుతుంది. అప్పీలు నోటీసుకి గడువు పది రోజులు. అది వేస్తే తేదీ వెనక్కి జరుగుతుంది.

ఇక్కడ చరిత్ర మీకో వరం ఇచ్చింది. 1952 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున ఆరో జార్జి రాజు నిద్రలోనే పోయాడు. జనవరిలో మీ కేసు పేరు 'రెక్స్' (రాజు) తో మొదలై, అప్పీలు నాటికి 'రెజీనా' (రాణి) అవుతుంది. కింగ్స్ కౌన్సిల్ అనే బిరుదున్న పెద్ద వకీళ్ళంతా ఒక్క పూటలో క్వీన్స్ కౌన్సిల్ అయిపోయారు. ఫిబ్రవరి 18 సోమవారం అప్పీలు పెట్టండి. ముగ్గురు జడ్జీలు విని అక్కడికక్కడే చెప్పేస్తారు. అప్పీలు పోయాక ఎవాన్స్‌కి మిగిలింది 17 రోజులు, బెంట్లీకి 15. మీకు మార్చి 6 గురువారం సరిపోతుంది, ఉదయం తొమ్మిది గంటలకి.

పొగమంచు మాత్రం వదులుకోవాలి. ఆ పెద్దది 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు. మీ కథ మార్చిలోనే అయిపోతుంది. మామూలు బొగ్గు పొగమంచు నవంబరు రాత్రి పెట్టుకోవచ్చు, అది ఏటా ఉండేదే.

---

కావలి కలం

ప్లీడరు గారికీ, కందుకూరు అన్నకీ రుణపడి ఉంటా. దుబాసీనే ప్రాసిక్యూషన్ సాక్షిగా నిలబెట్టడం నా ఊహకే రాలేదు. రెండు సందేహాలు మిగిలాయి. ముద్దాయి హత్య సమయంలో వేరే చోట ఉన్నాడని చెప్పే తోటి ఓడ పనివాడు ఒకడున్నాడు. వాణ్ణి డిఫెన్సు ఎందుకు పిలవదో నమ్మేట్టు కారణం కావాలి. రెండోది, ఫోను సీను పోతే దాని స్థానంలో ఏం పెట్టాలి?

---

మూలాపేట ప్లీడరు

మొదటిదానికి చట్టమే కారణం ఇస్తుంది. డిఫెన్సు తరఫున ముద్దాయి ఒక్కడే బోనెక్కితే, జూరీతో చివరిగా మాట్లాడేది డిఫెన్సు వకీలు. జరిగినదాని గురించి చెప్పే సాక్షి ఇంకొక్కడు వచ్చినా చివరి మాట ప్రాసిక్యూషన్‌కి పోతుంది. ఈ పద్ధతి 1964లో గానీ మారలేదు. తాగుబోతని పేరున్న ఓడ పనివాడి కోసం చివరి మాట వదులుకోవాలా అని వకీలు రాత్రంతా కొట్టుకుంటాడు. పిలవను అని నిర్ణయించుకుంటాడు. తప్పు చేశాడా లేదా అన్నది పాఠకుడు చివరి దాకా మోస్తాడు.

దానికి తోడు ఇంకో ఉచ్చు ఉంది. పోలీసులు అబద్ధమాడారు, కొట్టారు అని ముద్దాయి బోనులో అన్నాడంటే, 1898 చట్టం ప్రకారం అతని పాత శిక్షలు జూరీ ముందు పెట్టే దారి ప్రాసిక్యూషన్‌కి తెరుచుకుంటుంది. నీ మనిషికి ఏ రేవులోనో చిన్న దొంగతనం కేసు ఒకటి ఉందనుకో. నిజం చెబితే ఆ పాతది బయటికొస్తుంది. చెప్పకపోతే వాంగ్మూలం అట్టే నిలుస్తుంది.

మూడోది కూడా చెబుతా. ప్రాసిక్యూషన్ తనకి పనికిరాని సాక్షుల వాంగ్మూలాలు డిఫెన్సుకి ఇవ్వాల్సిన పని అప్పట్లో లేదు. 1946 నాటి తీర్పు ప్రకారం, ఉపయోగపడే విషయం తెలిసిన మనిషి ఫలానా చోట ఉన్నాడని చెబితే సరిపోయేది. పేరు ఇస్తారు, కాగితం ఇవ్వరు. పేరు చేతికొచ్చేసరికి ఆ మనిషి ఎక్కిన ఓడ థేమ్స్ మీది టిల్బరీ రేవు దాటిపోయి ఉంటుంది.

---

ఉదయగిరి మెట్లు

మీ కథకి అచ్చంగా దగ్గరి కేసు ఒకటుంది, ఎవరూ చెప్పలేదు. మహమూద్ మత్తన్, సోమాలీ ఓడ పనివాడు, కార్డిఫ్ నివాసి. 1952 మార్చి 6న లిలీ వోల్పర్ట్ అనే దుకాణదారు హత్య జరిగింది. జులైలో స్వాన్సీలో విచారణ, సెప్టెంబరులో కార్డిఫ్ జైల్లో ఉరి. జూరీ ముందు తన సొంత వకీలే అతన్ని సగం అనాగరికుడన్నట్టు వర్ణించాడు. ప్రధాన సాక్షి మొదట్లో పోలీసులకి చెప్పిన వర్ణన వేరు, అది డిఫెన్సుకి చేరలేదు. 1998 ఫిబ్రవరిలో శిక్ష రద్దయింది. 45 ఏళ్ళ పైమాట! మీ డిఫెన్సు వకీలు దుర్మార్గుడు కానక్కర్లేదు. మంచి చేస్తున్నా అనుకుంటూనే నోట ఆ మాట వచ్చిన మనిషిగా రాయండి, ఎక్కువ భయమేస్తుంది.

ఫోను గురించి. ఉరి ఆపేది కోర్టు కాదు, హోం సెక్రటరీ. 1952లో ఆయన డేవిడ్ మాక్స్‌వెల్ ఫైఫ్. ఫైలు ఆయన టేబుల్ మీదికి వెళుతుంది, జవాబు ఉత్తరంగా జైలుకి వస్తుంది. అది ఒకటి రెండు రోజుల ముందే తేలిపోతుంది, కంబం దాకా ఆగదు. కొత్త సాక్ష్యం దొరికితే అప్పీలు కోర్టు వినవచ్చు గానీ మళ్ళీ విచారణకి పంపే అధికారం 1964 దాకా దానికి లేదు. శిక్ష కొట్టేయాలి, లేదా ఉంచాలి. నడిమి దారి లేదు కాబట్టి జడ్జీలు కొట్టేయడానికి జంకుతారు. మీ ఉత్కంఠని అక్కడ పెట్టండి.

అసలు హంతకుణ్ణి పట్టే దారి కోసం కూడా ఒక నిజం కేసు చూడండి. 1948లో బ్లాక్‌బర్న్‌లో ఆసుపత్రి నుంచి పసిపిల్లని ఎత్తుకెళ్ళి చంపినప్పుడు, మంచం కింద దొరికిన సీసా మీది వేలిముద్రల కోసం ఊళ్ళో 46,000 మందికి పైగా మగవాళ్ళ ముద్రలు తీశారు. ముద్ర ఇవ్వనివాళ్ళు ఎవరో రేషను పుస్తకాల లెక్కతో పట్టుకున్నారు. పీటర్ గ్రిఫిత్స్ దొరికింది అట్టానే. మీ కావలి కుర్రాడు కూడా ముసలామె ఇంట్లో పేరు లేకుండా ఉన్న ఇంకో అద్దెదారుణ్ణి రేషను పుస్తకం పట్టుకుని కనిపెట్టవచ్చు.

1952 జనవరిలో రేషను మీద ఉన్నవి: మాంసం, వెన్న, జున్ను, చక్కెర, టీ, మిఠాయిలు. రొట్టెకి 1948లో, బట్టలకి 1949లో, పెట్రోలుకి 1950లో ఎత్తేశారు. చాలామంది రాతగాళ్ళు అన్నీ కలిపేసి బట్టల కూపన్లు కూడా పెట్టేస్తారు, జాగ్రత్త. గుర్తింపు కార్డులు ఫిబ్రవరి 21న రద్దయ్యాయి, అంటే అరెస్టు రోజున పోలీసు కార్డు అడుగుతాడు, ఉరి రోజుకి ఆ కార్డు చెల్లని కాగితం. పేరుమోసిన డాక్టరు స్పిల్స్‌బరీ పేరు పోస్ట్‌మార్టంలో వాడకండి, ఆయన 1947 డిసెంబరులోనే పోయాడు. కీత్ సింప్సన్, ఫ్రాన్సిస్ క్యాంప్స్, డోనాల్డ్ టియర్ ఆ కాలం వాళ్ళు. రక్తం అంటే గ్రూపు చూడడమే.

డబ్బు: పౌనుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. మన రూపాయి అప్పుడు 18 పెన్నీలు, అంటే పౌను 13 రూపాయల 5 అణాల 4 పైసలు (పాత పైసలు, అణాకి 12). అద్దె గదిలో గ్యాసు పొయ్యి పక్కన మీటరు ఉంటుంది. చిల్లర వేసి పిడి తిప్పితేనే మంట. వేసిన చిల్లర అయిపోతే మంట తగ్గి టప్పున ఆరిపోతుంది. ముసలామె చనిపోయిన గదిలో పొయ్యి ఎప్పుడు ఆరిందన్నది మీటరు పెట్టెలోని నాణేలు లెక్కపెట్టి అంచనా కట్టవచ్చు.

---

కందుకూరు పేజీలు

ఊరి వైపు రెండు ముక్కలు. 1952లో ప్రకాశం జిల్లా లేదు, అది 1970లో వచ్చింది. ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది, మా కందుకూరు, కనిగిరి, దర్శి నెల్లూరు జిల్లాలో. కవరు మీద 'మద్రాసు రాష్ట్రం' అనే రాయాలి, ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరులో గానీ రాలేదు. విచారణ జరుగుతున్న ఆ జనవరిలోనే ఇక్కడ తొలి సాధారణ ఎన్నికలు. ఇంటి నుంచి వచ్చే ఉత్తరాల్లో ఓట్ల కబుర్లే ఉంటాయి. వినోదరాయునిపాలెంలో పుట్టి లండన్లో బారిస్టరు చదివొచ్చిన ప్రకాశం పంతులు గారు అప్పటికి ఉన్నారు. కుర్రాడి తండ్రి 'పంతులు గారిలా కావాలి' అని పంపాడంటే చాలు, ఇంకేమీ వివరించక్కర్లేదు.

చివరి అధ్యాయానికి ఒకటి. శిక్ష పడిన మనిషి గదిలో ఇద్దరు వార్డర్లు రాత్రింబవళ్ళు కూర్చుని అతనితో పేకాడుతుంటారు. గోడవార ఒక బీరువా ఉంటుంది, తలుపు దాని వెనకే. ఆ సంగతి అతనికి చివరి ఉదయం దాకా తెలియదు. శవాన్ని ఇవ్వరు, జైలు ఆవరణలోనే పూడుస్తారు. అదే పెంటన్‌విల్‌లో 1940లో ఉరి తీసిన ఉధంసింగ్ అస్థికలు 1974లో గానీ మన దేశానికి రాలేదు. కృష్ణపట్నానికి వచ్చేది ఉత్తరం ఒక్కటే. జైలు నుంచి పోయే ఉత్తరం ప్రతిదీ ముందు అధికారులు చదవాలి. ఇది తెలుగులో ఉంది. వాళ్ళు చదివించుకోవడానికి మళ్ళీ ఆ కావలి కుర్రాణ్ణే పిలుస్తారు. కవరు మీద బిళ్ళ ఇంకా చచ్చిపోయిన రాజుదే, రాణి బొమ్మ బిళ్ళలు ఆ డిసెంబరులో గానీ రాలేదు.